గోడవతల మోగిన ఫోను

బరంపురం పెద్దబజారులో ధర్మలింగం పూజాసామాన్ల కొట్టు ఎక్కడని అడిగితే ఇద్దరు ముగ్గురు తల గోక్కుంటారేమో గాని, ఆయన భార్య వాసవీకుమారి ఇల్లు ఎక్కడంటే ఎవరైనా వేలు చూపిస్తారు. పెళ్ళికూతురి వెంట అత్తారింటికి పంపే సారె అంటే ఆ చుట్టుపట్ల తెలుగువాళ్ళకి వాసవీకుమారి చేతి సారే. అరిసెలు, సున్నుండలు, కజ్జికాయలు, మడతకాజాలు. పర్లాకిమిడి నుంచి పంతొమ్మిదేళ్ళ వయసులో కాపురానికి వచ్చింది. పిల్లలు కలగలేదు. ముప్పై రెండో ఏట పక్కింటి పెళ్ళికి సరదాగా రెండు వందల అరిసెలు వండిపెట్టింది. ఆ రుచి ఆ నోటా ఈ నోటా పాకింది. ఇప్పుడామెకు యాభై నాలుగు.

ఆర్డర్లన్నీ ఇంట్లో ఉన్న ల్యాండ్‌లైనుకే వచ్చేవి. పొలసరలో, భంజనగర్‌లో తల్లులు క్యాలెండరు మీద రాసిపెట్టుకున్న నంబరు కూతుళ్ళ సెల్‌ఫోన్లలోకి ఎక్కింది. ఆ నంబరు మార్చడానికి ఆమె ఒప్పుకోలేదు. సెల్‌ఫోను ఉంది గాని, నేతిచేతులతో ఆ అద్దం మీద రుద్దడం ఆమెకు చిరాకు. తీగ లేని కార్డ్‌లెస్ ఫోనైతే చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక పక్క పాకం చూస్తూనే ఇంకో పక్క ఎన్ని అరిసెలు, ఏ రోజుకి అని అడగొచ్చు.

ఆమెలో ఇంకో సంగతి ఉంది. మంచి మరిచిపోదు, చెడూ మరిచిపోదు. తన పెళ్ళిలో కన్నతండ్రిని ఆఖరి పంక్తిలో కూర్చోబెట్టిన ధర్మలింగం మేనత్త ఇంట్లో ముప్పై ఐదేళ్ళుగా మంచినీళ్ళు ముట్టలేదు. ఆ మేనత్త పోయింది. అయినా ముట్టలేదు.

ధర్మలింగం తమ్ముడు శివరామ్. అతని భార్య గౌరి ఇచ్ఛాపురం పిల్ల. ఆమె కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో స్టవ్ వెలిగించడం కూడా సరిగ్గా రాదు. పాకం నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలని, ఆ ఉండ గిన్నెకేసి కొడితే ఖంగుమనకూడదని, మెత్తగా అణగాలని వాసవీకుమారే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. గౌరికి కూతురు వసుధ పుడితే పురిటి గదిలోంచి మొదట ఎత్తుకొచ్చింది కూడా ఆమే. ఆ పిల్ల నడక, మాట, బడి అన్నీ ఈ పెద్దమ్మ వొడిలోంచే మొదలయ్యాయి.

ఏడేళ్ళ కిందట అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు. హాలు మధ్య గోడ లేచింది. అప్పటికి ఇంట్లో ఉన్నది ఒక బేసు, దానికి రెండు రిసీవర్లు ఉన్న కార్డ్‌లెస్ జత. బేసు, ఒక రిసీవరు వాసవీకుమారి వైపు ఉండిపోయాయి. రెండో రిసీవరు సంగతి అడిగితే గౌరి పెదవి విరిచింది.

"అది సచ్చిపోయింది అక్కా. సామాన్లు సర్దేటప్పుడు పాతసామాన్లోడికి పడీసాను."

వాసవీకుమారి మళ్ళీ అడగలేదు.

నాలుగేళ్ళు బాగానే గడిచాయి. తరవాత గౌరి కూడా పిండివంటలు మొదలుపెట్టింది. డబ్బాల మీద తన పేరు అచ్చు వేయించింది. వాసవీకుమారి సంతోషించినట్టే కనిపించింది, కొంత సంతోషించింది కూడా. ఊళ్ళో పెళ్ళిళ్ళకేం తక్కువ, ఇద్దరికీ పని ఉంటుందనుకుంది. కాని ఆర్నెల్లు తిరిగేసరికి ఆమె పొయ్యి చల్లబడటం మొదలైంది. ప్రతి ముహూర్తానికీ తప్పకుండా పిలిచే ఇళ్ళు పిలవడం మానేశాయి. ఫోను ఒకటి రెండుసార్లు మోగి ఆగిపోయేది. పరుగున వచ్చి ఎత్తేసరికి చప్పుడుండదు. ఫోనువాళ్ళకి చెబితే ఒకతను వచ్చి, తీగలన్నీ గుంజి చూసి, లైను ఖులాసాగా ఉందని చెప్పి వెళ్ళాడు.

అన్నిటికంటే ఆమెకు అర్థం కానిది మనుషుల తీరు. ఒక శ్రావణంలో ఒకరింటికి పేరంటానికి వెళితే, ఆమె అందించిన శనగల గిన్నెను ఒకావిడ చీరకొంగుతో పట్టుకుంది. ఇంకొకావిడ తాంబూలం చేతికి తీసుకోకుండా కింద పెట్టమంది. గౌరి తన ఇంట్లో వరలక్ష్మీవ్రతం చేసుకుని, వచ్చిన ముత్తైదువలందరి కాళ్ళకీ పసుపు రాసుకుంటూ వచ్చి, ఈమె దగ్గరికి వచ్చేసరికి గిన్నె ముందుకి జరిపింది.

"నువ్వే రాసుకో అక్కా, నా నడుం పట్టీసింది."

వాసవీకుమారి తనే రాసుకుంది. పక్కనున్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంటికొచ్చి, నా వంటలో ఏదో పోయింది, దానితో పాటు నా మర్యాదా పోయింది అనుకుంది. ఆ ఏడాది ఎన్నోసార్లు తన అరిసె తనే కొరికి చూసుకునేది. నేయి తక్కువైందా? బియ్యం సరిగా నానలేదా? ఏమీ తెలిసేది కాదు.

మరుసటి ఆషాఢంలో ఆమె చేతిలో ఉన్న రిసీవరు అద్దం మీద అక్షరాలు పూర్తిగా చెరిగిపోయాయి. బ్యాటరీ కూడా గంటకే నీరసపడుతోంది. గిరిరోడ్డులో ఫోన్లు బాగుచేసే పూర్ణచంద్ర దగ్గర అదే కంపెనీ పాత రిసీవరు ఒకటి ఉందని తెలిసి, బేసును సంచీలో పెట్టుకుని వెళ్ళింది. పూర్ణచంద్ర ఒడియావాడు. పాతికేళ్ళుగా తెలుగు బేరాలతో నలిగి తెలుగు బాగానే మాట్లాడతాడు.

"బేసు కూడా తెచ్చారా నానీ, భలో హెలా, మంచిదైంది. అది లేకపోతే జత కలవదు" అన్నాడతను. అక్కడివాళ్ళు అక్కను నానీ అంటారు.

బేసును కరెంటుకి తగిలించి, దాని మీది బొత్తాం వేలితో నొక్కి పట్టుకుని, కుయ్‌మనేదాకా వదల్లేదు. రెండో చేత్తో కొత్త రిసీవరులో ఏవో నొక్కుకుంటూ పోయి, నాలుగు సున్నాలు కొట్టాడు. కాసేపు అద్దం మీద చుక్కలు పరుగెత్తాయి. తరవాత ఒక అంకె వచ్చి నిలబడింది.

"అయిపోయింది. మీది మూడో నంబరు."

"మూడేటి? నాకున్నది ఒకటి. ఇది రెండోది గదా."

"రెండో నంబరు ఇదివరకే బేసులో రాసుంది. ఇంకోటి ఉండాలి మరి."

"అది సచ్చిపోయి ఆరేళ్ళైంది బాబూ."

"అయితే పేరొక్కటే మిగిలిపోయింది. సెట్టు పోయినా బేసు మరిచిపోదు. తీసేయమంటారా?"

నానబోసిన బియ్యం దంపడానికి మనిషి వచ్చే వేళైంది. ఉండనీలే అని ఆమె లేచింది. పూర్ణచంద్ర మరో రెండు ముక్కలు చెప్పాడు. రిసీవరు ఎక్కడో పెట్టి మరిచిపోతే బేసు మీది బొత్తాం ఒక్కసారి తట్టి వదిలితే చాలు, అన్నీ గట్టిగా కూస్తాయి. ఒకరు మాట్లాడుతుంటే రెండో రిసీవరులో పచ్చబొత్తాం నొక్కితే ఆ మాటల్లో మనమూ కలవొచ్చు.

ఇంటికొచ్చి బేసును వంటింట్లో యథాస్థానంలో పెట్టింది. కొత్త రిసీవరు వంటింటి అలమరలో, పాతది హాల్లో. పనిచేస్తోందో లేదో చూద్దామని బొత్తాం తట్టింది.

హాల్లోది కూసింది. వంటింట్లోది కూసింది. ఆ రెంటికీ వెనకాల, కొంచెం సన్నగా, గోడవతల మూడోది కూసింది.

వాసవీకుమారి బొత్తాం మళ్ళీ తట్టింది. అన్నీ ఆగాయి. గోడవతలిదీ ఆగింది. ఆమె రెండు రిసీవర్లలోంచీ బ్యాటరీలు తీసేసి, వంటింటి గోడకు చెవి ఆనించి, చెయ్యి చాచి మూడోసారి తట్టింది. ఇల్లంతా నిశ్శబ్దం. గోడవతల మాత్రం అది కూస్తూనే ఉంది. ఎవరో గబగబా నడిచిన చప్పుడు, ఏదో డబ్బా మూత ఊడిన చప్పుడు వినిపించాయి. వెంటనే మళ్ళీ తట్టి ఆపేసింది.

ఆమె స్టూలు మీద కూర్చుంది. ఒకటి రెండుసార్లు మోగి ఆగిపోయిన ఫోన్లన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి.

అయినా తన చెవులతో వినేదాకా నమ్మదలచుకోలేదు. మరునాటి నుంచి కొత్త రిసీవరు వొడిలో పెట్టుకుని కూర్చుంది. మోగితే ఎత్తదు. మూడోరోజు పదకొండు గంటలకి ఫోను మోగింది. రెండుసార్లు మోగి ఆగింది. వేళ్ళ మీద అయిదు లెక్కపెట్టి పచ్చబొత్తాం నొక్కి, మాట్లాడే వైపు కొంగుతో మూసింది. టిక్కుమని చిన్న చప్పుడైంది. అవతల ఎవరూ పట్టించుకోలేదు.

పొలసర నుంచి పుణ్యవతిగారు మాట్లాడుతోంది. బియ్యం మిల్లువాళ్ళ పెద్దావిడ. ముగ్గురు కూతుళ్ళకీ వాసవీకుమారి చేతే సారె వండించింది.

"వాసవికి ఇంకా నెమ్మదించలేదేటే గౌరీ? మనవరాలి పెళ్ళి భాద్రపదం ఎల్లాక పెట్టుకున్నాం. దాని సేత్తోనే సేయించాలని నా ఆశ."

"ఎక్కడ పిన్నిగారూ! సేతులకి ఆ సర్మరోగం ఇంకా ఎక్కువైపోయింది. సెప్పకూడదు గాని, పుళ్ళు, రసి. ఆ సేతులు సూస్తే మీరు మంచినీళ్ళు కూడా పుచ్చుకోరు. అందుకే అక్క ఫోను నాకప్పజెప్పీసింది. మీకెందుకు, నేను సేసి పంపుతాను గదా. ఏటంటే, ఈ సంగతి మాత్రం ఆవిడ దగ్గర అనకండి. బాధ పడిపోతాది."

"అయ్యో, నేనెందుకంటానే! పాపం."

పాపం అన్న ఆ మాట వాసవీకుమారి చెవిలో కాల్చినట్టు దిగింది. కొంగులో ఉన్న తన చేతుల్ని చూసుకుంది. నేయి, బెల్లం, బియ్యప్పిండి తప్ప ఏ మరకా ఎరగని చేతులు. గౌరి ఆర్డర్లు లాక్కుంటే ఆమెకింత మంట పుట్టేది కాదు. వచ్చి అడిగి ఉంటే సగం ఇచ్చేసేదేమో. కాని ఏడాదిన్నరగా ఊరంతా తనను చూసి జాలిపడింది, అసహ్యపడింది. ఆ జాలి వెనక తానేమో తన అరిసెలో లోపం వెతుక్కుంటూ కూర్చుంది. గౌరి గోడవతల నుంచి అదంతా చూస్తూ, అక్కా అక్కా అని పిలుస్తూనే ఉంది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన ధర్మలింగం సంగతంతా విని, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. నెమ్మదస్తుడు. గొడవంటే భయం.

"నేను శివరాముతో మాటాడతాను. ఆ రిసీవరు తెచ్చిచ్చీమంటాను. గుట్టుగా సర్దేద్దాం వాసవీ."

"గుట్టుగానా? అది నన్ను గుట్టుగా సంపింది. నాకు గుట్టు వద్దు."

"మరేటి సేస్తావు?"

"అది ఎందరి దగ్గర నా సేతుల్ని కుళ్ళబెట్టిందో, అందరి ముందూ దాని మొహం నేలకి రాసుకోవాలి. మీరు శివరాముతో ఒక్క ముక్క అన్నారంటే నేను పర్లాకిమిడి ఎల్లిపోతాను. ఇంక రాను."

ఆమె అన్నదంటే వెళుతుందని ధర్మలింగానికి తెలుసు. మళ్ళీ అన్నం కలుపుకున్నాడు.

శ్రావణమాసంలో రెండో శుక్రవారానికి పందొమ్మిది రోజులుంది. ఆ పందొమ్మిది రోజులూ వాసవీకుమారి గోడ పక్కనే బతికింది. మోగిన ప్రతి ఫోనూ వింది. ఎవరెవరు చేశారో, గౌరి ఎవరికి ఏం చెప్పిందో అంతా గుర్తుపెట్టుకుంది. భంజనగర్ మాస్టారి భార్యకి పుళ్ళన్నది. ఊరి చివర అంకులిలో ఉండే బ్యాంకు ఉద్యోగి తల్లికి అంటురోగమన్నది. బేసు మీది బొత్తాం తట్టి గోడవతల గౌరిని పరుగెత్తించాలని చెయ్యి దురద పెట్టేది. తట్టలేదు. వీధిలో గౌరి ఎదురైతే నవ్వింది. చింతపండు అడిగితే ఇచ్చింది. వసుధ వచ్చి, బీఎడ్ చివరి పరీక్ష బాగా రాశానని చెబితే దాని నోట్లో సున్నుండ పెట్టింది. ఇంత ఓర్పు తనలో ఉందని ఆమెకే తెలియదు. ఆ ఓర్పు ఆమెకు హాయిగా ఉంది. చాలా రోజుల తరవాత కడుపునిండా అన్నం తింది, ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

వరలక్ష్మీవ్రతం నాడు గౌరి అట్టహాసంగా పేరంటం పెట్టుకుంది. తన డబ్బాల వ్యాపారానికి పనికొస్తుందని దూరపు ఇళ్ళవాళ్ళని కూడా పిలిచింది. పుణ్యవతిగారు పొలసర నుంచి కారులో వచ్చింది. తోడికోడలిని పిలవకపోతే నలుగురూ అడుగుతారు గనక వాసవీకుమారినీ పిలిచింది.

నాలుగు గంటలకి వాసవీకుమారి తన ఇంట్లో రెండు రిసీవర్లలోంచీ బ్యాటరీలు తీసి గూట్లో పెట్టింది. బేసును మాత్రం కదల్చలేదు. ఆకుపచ్చ బరంపురం పట్టుచీర కట్టుకుంది. ఇంటికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని గౌరి గుమ్మం ఎక్కింది. జేబురుమాళ్ళూ కొంగులూ సర్దుకుని ఆడవాళ్ళు ఆమెకు చోటిచ్చారు. కావలసిన దానికంటే ఎక్కువ చోటే ఇచ్చారు.

గౌరి పసుపు గిన్నె పట్టుకుని ఒక్కొక్కరి కాళ్ళకీ రాసుకుంటూ వస్తోంది. పదిహేనుమంది దాకా ఉన్నారు. వాసవీకుమారి దగ్గరికి వచ్చి, కిందటేడులాగే గిన్నె ముందుకి జరిపింది. వాసవీకుమారి గిన్నె ముట్టుకోలేదు. రెండు చేతులూ వొడిలో వెల్లకిలా పెట్టుకుని, పుణ్యవతిగారి వైపు తిరిగింది.

"పిన్నిగారూ, మనవరాలి పెళ్ళట గదా. నన్ను మరిసిపోయారేటి?"

పుణ్యవతిగారు ఇబ్బందిగా కదిలింది. "మరవడమేటమ్మా. నీకు ఒంట్లో..."

"నా ఒంటికేటైంది?"

పుణ్యవతిగారు ఆమె చేతులకేసి చూసింది. కిటికీలోంచి పడుతున్న ఎండలో అరచేతులు నున్నగా, ఎర్రగా ఉన్నాయి. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూసింది.

"ఇదేటిది? సేతుల నిండా పుళ్ళన్నారు!"

"ఎవరన్నారు?"

"గౌరి. నీ ఫోను అదే ఎత్తుతోంది గదా. నువ్వే అప్పజెప్పావంది."

వాసవీకుమారి గౌరి మొహంలోకి చూసింది.

"నా ఫోను నువ్వు ఎత్తుతున్నావా గౌరీ?"

"నేనా?" గౌరి నవ్వబోయింది. "నీ ఫోను నీ ఇంట్లో గదా అక్కా ఉంది, నేనెలా ఎత్తుతాను? పిన్నిగారు పెద్దవారు, పొరబడ్డారు. ఆవిడ నా సెల్లుకి సేసుంటారు."

"నేనెందుకు పొరబడతానే!" అని పుణ్యవతిగారు గొంతు పెంచింది. మిల్లులో యాభై మంది కూలీలను అదుపులో పెట్టిన గొంతు అది. "ఇరవయ్యేళ్ళ నంబరు. నా సెల్లులో వాసవి అని రాసుంది."

"అయితే ఇప్పుడు సేయండి పిన్నిగారూ" అంది వాసవీకుమారి. "మా ఆయన కొట్టు దగ్గరున్నారు. నేను మీ ముందున్నాను. ఇల్లు తాళం ఏసుంది, ఇదిగో సెవి. అందరికీ వినబడేలా పెట్టి మరీ సేయండి."

గౌరి చేతిలోంచి పసుపు గిన్నె పక్కకు ఒరిగింది. పుణ్యవతిగారు స్పీకరు పెట్టి నంబరు నొక్కింది. సెల్లులోంచి రింగు వినిపించింది. అదే సమయానికి లోపలి గదిలోంచి, పిట్ట కూసినట్టు సన్నగా ఇంకో రింగు వినిపించింది. ఆడవాళ్ళందరూ ఆ గుమ్మంకేసి తలలు తిప్పారు. గౌరి లేవబోయింది. వాసవీకుమారి ఆమె చీరకుచ్చెళ్ళ మీద పాదం వేసి నొక్కిపెట్టింది.

"మోగనీ."

వాసవీకుమారి అనుకున్నది అంతవరకే. ఆ మోతలో గౌరిని నలుగురి ముందూ కూర్చోబెట్టాలని. కాని రెండోసారి మోగి రింగు ఆగిపోయింది. సెల్లులోంచి ఒక ఆడపిల్ల గొంతు, తీయగా, అలవాటైన మాటలా హాలంతా వినబడింది.

"హలో, వాసవీకుమారిగారిల్లండి. పెద్దమ్మకి ఒంట్లో బాగోదండి. ఆర్డరైతే నాకు సెప్పండి, రాసుకుంటాను."

అది వసుధ గొంతు. పెరట్లో పని మీదుండి హాల్లో మాటలేవీ వినని పిల్ల, రింగు వినగానే అలవాటుగా వచ్చి ఎత్తింది.

ఈ పందొమ్మిది రోజుల్లో ఆ గొంతు వాసవీకుమారి ఒక్కసారీ వినలేదు. గౌరికి ఊపిరాడని వేళల్లో కూతురు ఎత్తుతుందన్న ఆలోచన ఆమెకు తట్టనే లేదు. ఆ క్షణంలో ఫోను కట్ చేయమని పుణ్యవతిగారికి సైగ చేసి ఉంటే ఆ పిల్ల పరువు కొంతైనా మిగిలేది. ఆ సంగతి ఆమెకు తెలిసింది. తెలిసే చెయ్యి చాచి సెల్లు అందుకుంది.

"నేను పెద్దమ్మనే మాటాడుతున్నాను వసుధా. నాకు ఒంట్లో బాగానే ఉంది. ఆ ఫోను పట్టుకుని ఇటురా."

తరవాత వసుధ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో పాత రిసీవరు. దాని మూలకి వాసవీకుమారి ఎప్పుడో పెట్టిన కుంకంబొట్టు ఇంకా అంటుకుని ఉంది. ఇరవై మూడేళ్ళ పిల్ల, తల ఎత్తలేకపోయింది. భంజనగర్ మాస్టారి భార్య ఛీ అంది. ఎవరో శనగల పొట్లం అక్కడే వదిలేసి లేచారు.

"కూకోండమ్మా, ఎవరూ లేవకండి" అంది వాసవీకుమారి. "పేరంటం అవలేదు గదా. నాకు పసుపు రాయలేదింకా." అని పట్టుచీర కాస్త పైకి తీసి పాదాలు ముందుకి చాచింది. "రాయి గౌరీ. నీ నడుం ఈ ఏడు బాగానే ఉన్నట్టుంది."

"అక్కా..."

"రాయి."

గౌరి వంగింది. ఆమె కళ్ళనీళ్ళు పసుపులో పడుతున్నాయి. ఎడమకాలికి రాసి చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

"రెండో కాలు" అంది వాసవీకుమారి.

అందరూ చూస్తుండగా గౌరి రెండో కాలికి కూడా రాసింది. వాసవీకుమారి లేచి, వసుధ చేతిలోంచి రిసీవరు తీసుకుని, తడి పాదాల ముద్రలు గచ్చు మీద వేసుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే ఆమె ఫోను ఊపిరి తిప్పుకోలేదు. పుణ్యవతిగారు రెండు వందల అరిసెలు చెప్పబోయి అయిదు వందలు చెప్పింది. గౌరి డబ్బాలు అమ్ముడుపోవడం మానేశాయి. శివరామ్ ఒకరోజు పొద్దున్నే వచ్చి వదిన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"తప్పైపోయింది వదినా. అది ఏడ్చి ఏడ్చి మంచం పట్టీసింది. ఒక్కసారి ఒచ్చి పలకరించు."

"నీకు కాఫీ ఇస్తాను శివరామూ. ఆ మాట మాత్రం ఎత్తకు" అందామె. కాఫీ ఇచ్చింది. మాట ఎత్తనివ్వలేదు.

దసరా ముందు వాళ్ళు ఆ భాగం అద్దెకిచ్చేసి అంకులికి మారిపోయారు. సామాన్ల బండి కదిలేటప్పుడు గౌరి మొహం కిటికీలోంచి ఇటు తిరిగింది. వాసవీకుమారి గుమ్మంలో నిలబడే ఉంది. చూసింది గాని తల ఊపలేదు.

వసుధ మాత్రం వెళ్ళేముందు ఒంటరిగా వచ్చింది.

"మొదట్లో నిజంగానే నువ్వు అమ్మకి అప్పజెప్పావనుకున్నాను పెద్దమ్మా. తరవాత తెలిసింది. తెలిసాక సెప్పడానికి భయమేసింది. ఎలా సెప్పాలో తెలీక, అమ్మ సెప్పమన్నట్టే సెప్పీసేదాన్ని."

"సున్నుండ పెట్టిన రోజు కూడా తెలుసునా?"

వసుధ తలూపింది. వాసవీకుమారి ఆ పిల్ల తల నిమరబోయి ఆగి, మళ్ళీ నిమిరింది. "నీ మీద కసి లేదు. నమ్మకమూ లేదు. రెండూ నిజమే."

ఇది జరిగి ఏడాది కావస్తోంది. గౌరి అంకులిలో మళ్ళీ పిండివంటలు మొదలుపెట్టిందని, చవగ్గా ఇస్తోందని విన్నారు. కొందరు వాసవీకుమారికే ఫోను చేసి అడుగుతారు, మీ తోడికోడలి చేతి కాజాలు ఎలా ఉంటాయని. ఆమె నిజం చెబుతుంది.

"బావుంటాయి. నేనే నేర్పాను. కాని ఆవిడ సంగతి మీకు తెలియదేమో, ఒక్క నిమిషం ఉండండి, సెబుతాను."

అంటూ స్టవ్ తగ్గించి, మొదటి నుంచి చివరి దాకా, గోడవతల కూతతో సహా మొత్తం చెబుతుంది. ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే తెలియదు. ఆమె మొదలుపెట్టగానే ధర్మలింగం చెప్పులు వేసుకుని కొట్టుకి వెళ్ళిపోతాడు. చాలుగదా వాసవీ అని ఒకసారి అన్నాడు. చాలినప్పుడు తనకే తెలుస్తుందని ఆమె చెప్పింది.

వసుధకి భంజనగర్‌లో ప్రైవేటు బడిలో ఉద్యోగం వచ్చింది. ఆదివారాలు ఫోను చేస్తుంది. మొదటి మూడు ఆదివారాలు వాసవీకుమారి ఎత్తలేదు. నాలుగో ఆదివారం ఎత్తింది. ఇప్పుడు అరగంటకి తక్కువ మాట్లాడరు. పిల్లల అల్లరి, హాస్టలు తిండి, కొత్తగా కొన్న చీర, అన్నీ చెప్పుకుంటారు. మొన్న మాటల మధ్యలో వసుధ గొంతు తగ్గించింది.

"అమ్మ నిన్ను అడిగిందని సెప్పమంది పెద్దమ్మా."

వాసవీకుమారి మూకుట్లో అరిసె తిరగేసి, రెండు గరిటెల మధ్య పెట్టి నూనె కారేదాకా ఒత్తింది.

"ఇంకేటి సంగతులు?" అంది.